స్కేల్ అందని గిటారిస్టు: ఒక విద్యార్థికి వినడం నేర్పిన కేసు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల గిటార్ నేర్చుకునే కుర్రాళ్లలో చాలామంది చర్చి నుంచి వస్తారు. ఆదివారం ఆరాధనలో వాయించాలన్నది వాళ్ల మొదటి కోరిక, అసలు పరీక్ష కూడా అక్కడే. పాట ఏ స్కేల్లో పాడతారో ముందుగా ఎవరూ చెప్పరు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ గొంతు సవరించుకుని తనకు వీలైన శ్రుతిలో పాట ఎత్తుకుంటుంది, సంఘమంతా అందుకుంటుంది. పల్లవి పూర్తయ్యేలోపు గిటార్ వాయించేవాడు ఆ శ్రుతిని పట్టుకోవాలి. అలా పట్టుకోలేక, గిటార్ నేర్పే నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి గురించి ఇక్కడ రాస్తున్నాను. అతను ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం రాయడం లేదు.

దసరా వెళ్లాక వచ్చాడు. ఇరవై దాటి చాలా ఏళ్లే అయింది. ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేసే షాపులో పని. అప్పటికే ఫోన్‌లో వీడియోలు చూసి చాలాకాలంగా వాయిస్తున్నాడు. జి, సి, డి, ఈ-మైనర్, ఏ-మైనర్ కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి) శుభ్రంగా పలుకుతున్నాయి. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వేళ్లు తడబడకుండా మారుతున్నాయి. పాట మాటల మీద కార్డ్స్ రాసున్న కాగితం ముందు పెడితే చివరిదాకా ఆగకుండా వాయిస్తాడు. అన్నాళ్లూ వాళ్ల చర్చిలో కీబోర్డ్ వాయించే అబ్బాయే స్కేల్ చెప్పేవాడు. ఆ అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఇక ఆదివారం వస్తుందంటే ఇతనికి టెన్షన్. "కార్డ్స్ అన్నీ వచ్చు మాస్టారూ, స్కేల్ మాత్రం అందడం లేదు. నాకు శ్రుతిజ్ఞానం లేదేమో" అన్నాడు.

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. నిజంగా స్వరాల తేడా పోల్చుకోలేని వాళ్లు లోకంలో ఉంటారు, కానీ చాలా అరుదు. అందుకే ఎవరు ఈ మాటన్నా ముందు పరీక్షించి చూస్తాను.

మొదటి పరీక్షలో తేలింది

ముందుగా గిటార్ మొదటి తీగను, అంటే సన్న తీగను మీటి, ఆ స్వరాన్ని గొంతుతో అనమన్నాను. అందలేదు. కిందికీ పైకీ వెతికి, సిగ్గుపడి ఆగిపోయాడు. అదే నాలుగో తీగ మీటినప్పుడు వెంటనే కలిశాడు. దీనికి కారణం ఉంది. మొదటి తీగ సెకనుకు దాదాపు 330 సార్లు కంపిస్తుంది, నాలుగో తీగ 147 సార్లు. మగవాళ్లు మామూలుగా మాట్లాడే గొంతు ఈ రెండో అంకెకి దగ్గరగా ఉంటుంది. స్వరం తన గొంతుకు అందే చోట ఉంటే ఇతను కలుస్తున్నాడు, దూరంగా ఉంటే కలవలేకపోతున్నాడు. శ్రుతిజ్ఞానం లేదని ఎవరైనా అంటే ఆ మనిషి గొంతుకు సరిపడే స్వరం ఇచ్చి చూడకుండా ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం. చిన్నప్పుడు బడిలో టీచర్ ఎత్తైన శ్రుతిలో పాడించి "నీకు రాదు, నువ్వు కూర్చో" అంటే, ఆ మాట నమ్మి జీవితమంతా పాడని మగపిల్లలు ఎందరో ఉన్నారు.

తర్వాత అతను చూడకుండా రెండో తీగను కొంచెం దించి, గిటార్ అతని చేతికిచ్చి వాయించమన్నాను. పల్లవి మొత్తం వాయించాడు, తేడా గమనించలేదు. అదే గిటార్ నేను వాయిస్తే రెండో కార్డ్ దగ్గరే "ఏదో తీగ దిగింది మాస్టారూ" అన్నాడు. నాకు కేసు అర్థమైంది ఇక్కడే. ఊరికే కూర్చున్నప్పుడు ఇతనికి అన్నీ వినిపిస్తున్నాయి. గిటార్ చేతిలోకి రాగానే ఎడమచేతి వేళ్ల మీదా, కాగితం మీదా కళ్లు పడి వినికిడి ఆగిపోతోంది.

షాపులో పని ఎలా చేస్తావని అడిగాను. బండి స్టార్ట్ చేసి నిలబడి వింటే ఏ సిలిండర్ సరిగా అందుకోవడం లేదో చాలాసార్లు విప్పకముందే తెలిసిపోతుందని చెప్పాడు. చెప్పడంలో గొప్పలు లేవు, అది రోజూ చేసే పని. ఇంత సూక్ష్మంగా వినే మనిషికి కొత్తగా చెవులు తయారుచేయాల్సిన అవసరం లేదు. వాయిస్తున్నప్పుడు కూడా అవి పనిచేసేలా చూస్తే చాలు. నేను చేసిందంతా ఆ పనే.

ట్యూనింగ్‌తో మొదలు

మొదటి నియమం, ట్యూనర్ యాప్ చివర్లో మాత్రమే. ముందు ఐదో తీగ ఒక్కటీ యాప్‌తో సరిచేసుకోవాలి, మిగతావి వింటూ కలపాలి. పద్ధతి పాతదే. ఆరో తీగను ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) దగ్గర నొక్కితే వచ్చే స్వరం, ఐదో తీగను ఊరికే మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. మిగతా తీగలూ అంతే, మూడో తీగకీ రెండో తీగకీ మధ్య మాత్రం నాలుగో ఫ్రెట్.

రెండు స్వరాలు దగ్గరగా వచ్చి పూర్తిగా కలవకపోతే మధ్యలో ఒక ఊగుడు వినిపిస్తుంది. ఒకటి సెకనుకు 110 కంపనాలు, రెండోది 112 అయితే ఆ ఊగుడు సెకనుకు రెండుసార్లు. తీగ బిగించే మర తిప్పుతూ దగ్గరికి తెస్తుంటే ఊగుడు నిదానించి, చివరికి ఆగిపోతుంది. గిటార్ చెక్క అంచుకు దవడ ఆనించి వినమన్నాను. చెక్క నుంచి ఎముక ద్వారా శబ్దం నేరుగా చేరుతుంది కాబట్టి ఊగుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఒక నిమిషం విని తలెత్తి, "ఇది నాకు తెలుసు మాస్టారూ, రెండు ఇంజన్లు పక్కపక్కన ఇంచుమించు ఒకే స్పీడ్‌లో తిరిగితే ఇలాగే వస్తుంది" అన్నాడు. అది ముమ్మాటికీ అదే. ఆ రోజు నుంచి శ్రుతిజ్ఞానం లేదన్న మాట అతని నోట మళ్లీ వినలేదు.

అయినా ట్యూనింగ్ కొన్ని వారాలు సరిగా కుదరలేదు. ఐదో ఫ్రెట్ దగ్గర చాలా గట్టిగా నొక్కుతున్నాడు. చవక గిటార్లలో తీగలు మెడకు ఎత్తుగా ఉంటాయి, బలంగా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. ఆ పెరిగిన స్వరానికి పక్క తీగను కలిపితే అదీ పెరుగుతుంది, దాన్ని చూసి ఆపై తీగా పెరుగుతుంది. మొదటి తీగకు వచ్చేసరికి తప్పు మొత్తం పోగుపడుతుంది. అందుకే చివర్లో ఆరో తీగనూ మొదటి తీగనూ కలిపి మీటి చూడాలి. రెండూ ఒకే స్వరం, రెండు స్థాయిల తేడా అంతే. అవి కలవకపోతే మధ్యలో ఎక్కడో చెయ్యి బరువైందన్న మాట. ఈ తనిఖీ అలవాటయ్యాక అతని నొక్కుడు దానంతటదే తేలికైంది. నేను వేళ్ల గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు.

కర్ణాటక సంగీతం ఉన్న ఇళ్ల నుంచి వచ్చే పిల్లలతో ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. సత్యనారాయణపురంలో అలాంటి పిల్లలు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లు ఈ-మేజర్ వాయించి, అందులో గాంధారం (గా) హెచ్చుగా ఉందని, అది పలికే మూడో తీగను కొంచెం దించేస్తారు. వాళ్లు విన్నది నిజమే. గిటార్ ఫ్రెట్లు పన్నెండు స్వరస్థానాలనూ సమానంగా పంచుతాయి కాబట్టి అందులో అంతర గాంధారం (మేజర్ కార్డ్‌లో వచ్చే గా) సహజంగా పలికే దానికంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువగా ఉంటుంది. వంద సెంట్లయితే ఒక ఫ్రెట్. కానీ ఈ-మేజర్ తియ్యగా ఉందని తీగ దించితే, జి-మేజర్‌కి వచ్చేసరికి అదే తీగ షడ్జం (సా, ఆధార స్వరం) అవుతుంది, అది దిగిపోయి వినిపిస్తుంది. ఫ్రెట్లున్న వాయిద్యంలో ఆ చిన్న హెచ్చును భరించక తప్పదని ఆ పిల్లలకు విడిగా చెప్పాలి. ఈ కుర్రాడికి ఆ ఇబ్బంది రాలేదు.

షడ్జం ఎక్కడుంది

స్కేల్ పట్టుకోవడంలో కొత్తవాళ్లందరూ చేసే పని ఒకటుంది. పాట మొదలవగానే మొదటి అక్షరం ఏ స్వరమో గిటార్ మీద వెతుకుతారు. ఇతనూ అంతే. పాట గాంధారంతోనో పంచమం (పా)తోనో మొదలవ్వచ్చు. ఆ స్వరాన్నే షడ్జం అనుకుని కార్డ్ పట్టుకుంటే మొత్తం పాట అడ్డం తిరుగుతుంది. పల్లవి ఎక్కడ దిగి ఆగుతుందో అక్కడ వినాలి. మామూలు భక్తిపాటల్లో ఎక్కువగా ఆ చివరి స్వరమే షడ్జం. పెద్దమ్మ పాడుతున్నంతసేపూ గిటార్ ముట్టుకోకుండా విని, పల్లవి చివరి స్వరాన్ని లోపల్లోపల 'ఊఁ' అని పట్టి ఉంచుకుని, అప్పుడు ఆరో తీగ మీద వేలు జరుపుతూ దాన్ని వెతకాలి.

ఇది చెప్పినంత తేలిక కాదు. స్వరాన్ని గొంతులో పట్టి ఉంచుకోవడమే పెద్ద పని. అందుకోసం ఐదో తీగను మోగనిచ్చి దానితో 'సా' అనిపించేవాణ్ణి. తర్వాత తీగను చేత్తో ఆపేసి, మౌనంగా ఉండి, కాసేపటికి మళ్లీ 'సా' అనమనేవాణ్ణి. మళ్లీ తీగ మీటితే ఊగుడు లేకుండా కలవాలి. సా కుదిరాక పా. తంబురా నేర్పేది కూడా ఇదే. పా సా సా సా అని నాలుగు తీగలూ గంటల తరబడి మోగుతుంటే పాడేవాడి మనసులో షడ్జం పాతుకుపోతుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాల ఇక్కడ విజయవాడలోనే ఉంది. గాత్రం నేర్చుకునే పిల్లలు ముందు శ్రుతిలో కూర్చుంటారు, తర్వాతే స్వరాలు. గిటార్ పిల్లలకు మాత్రం మొదటిరోజే కార్డ్ బొమ్మలు చేతికిస్తున్నాం. ఇది మారాలని నేను కనపడిన ప్రతి గిటార్ టీచర్‌కీ చెబుతుంటాను.

మా అమ్మ తరం వాళ్లు ఆకాశవాణిలో పాటలు నేర్చుకున్నారు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని వచ్చేది, పాట ఒకసారి వేస్తే ఆ రోజుకి అంతే. మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు కాబట్టి పని ఆపి వినేవాళ్లు. ఆ శ్రద్ధ కోసం ఈ కుర్రాడికి ఒక పని పెట్టాను. రోజూ రాత్రి ఒక పాట ఒక్కసారే వినాలి, గిటార్ పెట్టెలోనే ఉండాలి. విన్నాక పల్లవి ఎక్కడ ఆగిందో పాడి ఫోన్‌లో రికార్డ్ చేసి నాకు పంపాలి. మొదట్లో పంపినవన్నీ మధ్యస్వరాల మీద ఆగేవి. క్రిస్మస్ దగ్గరపడేసరికి చాలావరకు సా మీదికి వచ్చాయి. ఆ సీజన్‌లో కేరల్స్‌కి మాత్రం కాగితాలు పెట్టుకునే వాయించమన్నాను. రాత్రంతా ఇల్లిల్లూ తిరుగుతూ పాడే చోట కొత్త అలవాటు పరీక్షించడం అనవసరం.

మూడు కార్డులు, ఒక బేస్

షడ్జం దొరికాక కార్డ్స్ మార్పు వినాలి. దీనికి ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఫోన్ స్పీకర్ చిన్నది, కింది స్వరాలు దాంట్లోంచి సరిగా రావు, కార్డ్ మార్పు ఎక్కువగా తెలిసేది ఆ కింది స్వరాల్లోనే. అతను ఇన్నాళ్లూ షాపులో ఫోన్ బల్ల మీద పెట్టి వింటూ "బేస్ వినపడటం లేదు" అంటున్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న రోజే వినపడింది.

పేర్లు చెప్పమని అడగలేదు. బేస్ కదిలినప్పుడల్లా బల్ల మీద తట్టమన్నాను, అంతే. తాళం మీద ఇతనికి మంచి పట్టు ఉంది కాబట్టి ఇది చకచకా వచ్చింది. తర్వాత ప్రశ్న, ఇప్పుడు ఇంట్లో ఉన్నామా, బయటికి వెళ్లామా? జి స్కేల్లో జి కార్డ్ ఇల్లు. సి కార్డ్ బయట గాలికి వచ్చినట్టు. డి కార్డ్ అయితే ఇంటి గుమ్మం, అక్కడ ఎక్కువసేపు నిలబడలేం. డి కార్డ్‌లో ఎఫ్-షార్ప్ ఉంటుంది. జి షడ్జమైతే అది కాకలి నిషాదం (ని), షడ్జానికి ఒక్క ఫ్రెట్ కింద. అందుకే చెవి సా కోసం ఎదురుచూస్తుంది. ఈ మూడు కార్డుల్లోని స్వరాలన్నీ కలిపితే శంకరాభరణం రాగం (మేజర్ స్కేల్) ఏడు స్వరాలూ వచ్చేస్తాయి. జి-లో జి, బి, డి. సి-లో సి, ఈ, జి. డి-లో డి, ఎఫ్-షార్ప్, ఏ. అంటే ఆ స్వరాల్లో ఉన్న పాటలో ఏ స్వరం వచ్చినా ఈ మూడింట్లో ఏదో ఒక కార్డ్‌లో అది ఉండి తీరుతుంది. ఈ సంగతి చెప్పాక అతనికి చాలా ధైర్యం వచ్చింది. వెతకాల్సింది మూడు తలుపులే అని తెలిసింది.

స్వరాంతరాలు అడిగి మార్కులు వేసే యాప్‌లు కూడా వాడి చూశాడు. మార్కులు బాగానే వచ్చాయి. కానీ అక్కడ విన్న స్వరాలకు పాట లేదు, ఇల్లు లేదు. ఆదివారం ఆ మార్కులు అక్కరకు రాలేదు. నేను వాటిని వద్దనను, మొదటి ఏడాదిలో వాటికి సమయం కేటాయించమని మాత్రం చెప్పను.

లెంట్ రోజుల్లో

లెంట్, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస రోజుల కూడికల్లో పాటలు మారతాయి. శ్రమల పాటల్లో చాలావరకు మైనర్. ఒక శుక్రవారం షడ్జం సరిగ్గానే పట్టుకున్నాడు, కానీ చెయ్యి అలవాటుగా మేజర్ కార్డ్ పట్టుకుంది. పాడేవాళ్లు సాధారణ గాంధారంలో (మైనర్‌లో వచ్చే, ఒక ఫ్రెట్ కిందున్న గా), గిటార్ అంతర గాంధారంలో. ఒక చరణం మొత్తం తలలు తిరిగి చూశాయట. మర్నాడు వచ్చి ఇక వాయించనన్నాడు.

ఆ వారం మొత్తం ఒకటే చేశాం. ఈ-మేజర్ పట్టుకుని మీటి, మూడో తీగ మొదటి ఫ్రెట్ మీదున్న చూపుడువేలు ఎత్తి మళ్లీ మీటడం. ఒక్క వేలుతో ఈ-మేజర్ ఈ-మైనర్ అవుతుంది. ఎత్తే ముందు ఆ గాంధారాన్ని పాడాలి, ఎత్తాక మారిన గాంధారాన్ని పాడాలి. పేరు తర్వాత. గొంతు ఒక మెట్టు దిగినట్టు తనకే తెలియాలి. తర్వాత ఏ-మేజర్, ఏ-మైనర్. డి-మేజర్, డి-మైనర్. మూడు చోట్లా ఒక్క స్వరం ఒక్క ఫ్రెట్ దిగుతుంది.

దానితోపాటు ఆపద్ధర్మంగా ఒక మార్గం చూపించాను. మేజరో మైనరో తేలేదాకా గాంధారం లేకుండా సా, పా రెండే వాయించవచ్చు. జి అయితే ఆరో తీగ మూడో ఫ్రెట్, ఐదో తీగ ఐదో ఫ్రెట్, మిగతా తీగలు ఆపేయాలి. పాట ఏదైనా ఇది గొడవపడదు. రెండో వరస వచ్చేసరికి పాడేవాళ్ల గాంధారం వినిపిస్తుంది, అప్పుడు పూర్తి కార్డ్‌కి వెళ్లొచ్చు. మరుసటి శుక్రవారం అలాగే చేశాడు.

ఈస్టర్ దాటాక ఒక ఆదివారం నేనే వాళ్ల చర్చికి వెళ్లి వెనక కూర్చున్నాను. ముందు వరసలోని పెద్దమ్మ పాట ఎత్తుకుంది. ఇతను కళ్లు దించుకుని, గిటార్ మీద చెయ్యి ఆనించి కదలకుండా విన్నాడు. పల్లవి ఆగిన చోట ఆరో తీగ మీద చిన్నగా వెతికాడు. మూడో ఫ్రెట్ కొంచెం తక్కువ, నాలుగో ఫ్రెట్ పిసరంత ఎక్కువ. వాయిద్యం లేకుండా పాడే గుంపు ఇలా ఫ్రెట్ల మధ్య ఉండటం మామూలే, చరణాలు గడిచేకొద్దీ ఇంకా జారుతుంది కూడా. దగ్గరగా ఉన్న నాలుగో ఫ్రెట్, అంటే జి-షార్ప్ తీసుకుని మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు) పెట్టాడు, జి ఆకారంలో కార్డ్స్ మొదలుపెట్టాడు. మన హార్మోనియం వాళ్ల లెక్కలో అయిదున్నర శ్రుతి. రెండు వరసల్లో సంఘం గొంతు గిటార్ దగ్గరికి వచ్చేసింది. ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటే గుంపు ఇంకా జారి రెండు ఫ్రెట్లకూ కాకుండా పోయేది. అందుకే ఎంత వెతికినా పల్లవి రెండోసారి పాడేలోపు ప్రవేశించాలని చెబుతాను.

తన వాయింపు తనే రికార్డ్ చేసుకుని వినడం ఎండాకాలంలో మొదలుపెట్టించాను. సి కార్డ్ వాయించేటప్పుడు ఆరో తీగ కూడా తగిలి బేస్‌లో ఈ మోగుతోందని, రెండో తీగ పక్కవేలు తగిలి మూగబోతోందని తనే కనిపెట్టాడు. ఈ రెండూ నేను మొదటిరోజే గమనించాను. తనకు వినిపించే రోజు దాకా చెప్పకుండా ఆగాను, ఎందుకంటే నేను చెబితే నా ముందు మాత్రమే సరిచేస్తాడు.

ఇప్పుడు వానలు పట్టాయి. మామూలు మూడు కార్డుల పాటకు కాగితం అవసరం లేదు. ఇంకా కుదరనిది జి-మేజర్‌కీ ఈ-మైనర్‌కీ తేడా. మూడు స్వరాల్లో జి, బి రెండింటిలోనూ ఉన్నాయి కాబట్టి పాట మధ్యలో ఒకటి వస్తే ఇంకొకటి అనుకుంటున్నాడు. పై స్వరాలు వింటే అవి కలిసిపోతాయి, కింద బేస్ ఏ స్వరం మీద ఉందో వింటేనే విడివడతాయి. అందుకని ప్రస్తుతం మా క్లాసులో కార్డ్స్ వాయించడం ఆపేశాం. నేను పాట పాడుతుంటే అతను ఐదో తీగ, ఆరో తీగ మీద ఒక్కొక్క స్వరంతో బేస్ మాత్రమే వాయిస్తున్నాడు.